పీఎస్ఏ రక్తపరీక్ష: మానేయడమా, ఎప్పుడో ఒకసారి చేయించడమా, పద్ధతిగా చేయించడమా – ఏది మేలు?

యాభై దాటిన మగవారి రక్తపరీక్షల రిపోర్టులో పీఎస్ఏ (ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్) అనే వరుస ఒకటి కనిపిస్తుంటుంది. చాలామందికి అది కోరి చేయించుకున్నది కాదు, ప్యాకేజీలో కలిసి వచ్చినది. అంకె 4 లోపు ఉంటే కాగితం మడిచి పక్కన పెట్టేస్తారు. 4 దాటితే ఆ రాత్రి కునుకు పట్టదు. రెండూ పొరపాటే.

మగవారికి మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిలో వచ్చే క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి రక్తం పరీక్షించే విషయంలో ఎవరి ముందైనా ఉండేవి మూడు దారులు. లక్షణాలేవీ లేనప్పుడు దాని జోలికే పోకపోవడం ఒకటి. ఎవరో చెప్పారనో, ప్యాకేజీలో ఉందనో ఎప్పుడో ఒకసారి చేయించుకోవడం రెండోది. అంకె ఎక్కువొస్తే తర్వాత ఏం చేయాలో ముందే తేల్చుకుని, తగిన వయసులో, తగిన ఎడంతో చేయించుకోవడం మూడోది. 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉన్నవారికి మూడోదే మేలు. అది కుదరని చోట మొదటిదే నయం. రెండోది అన్నిటికన్నా చెడ్డది. అందులో భయం ఉంది, అక్కర్లేని బయాప్సీ (సూదితో గ్రంథిలోంచి ముక్క తీసి చూడటం) ఉంది, ప్రాణం కాపాడే బలం మాత్రం దాదాపు లేదు.

అంకె చెప్పేదెంత

పీఎస్ఏ క్యాన్సర్ పుట్టించే పదార్థం కాదు. ప్రొస్టేట్ గ్రంథి కణాలు మామూలుగానే తయారుచేసే ప్రోటీన్. స్ఖలనం కాగానే ముద్దకట్టే వీర్యాన్ని పలుచన చేయడం దాని పని. అందులో రవ్వంత రక్తంలోకి ఊరుతుంది. ఆ రవ్వంతనే మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని కొలుస్తారు. వయసుతో గ్రంథి పెరిగినా, దానికి ఇన్ఫెక్షన్ సోకినా, మూత్రం బిగదీసుకుపోయినా, గొట్టం వేసినా ఎక్కువ ఊరుతుంది. క్యాన్సర్ వచ్చినా అంతే.

అందుకే ఒక్క అంకెతో తీర్పు చెప్పలేం. 4 నుంచి 10 మధ్య వచ్చినవారికి బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ బయటపడుతుంది. అలాగని 4 లోపు ఉంటే గ్యారంటీ కూడా లేదు. 4 మించనివారికీ బయాప్సీ చేసి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో (2004) సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. వాటిలో ఎక్కువ భాగం నిదానంగా సాగే రకమే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది: ప్రొస్టేట్‌లో క్యాన్సర్ ఉండటం వేరు, అది మనిషిని చంపే క్యాన్సర్ కావడం వేరు.

మానేయడానికీ పద్ధతిగా చేయించడానికీ తేడా ఎంత

1990ల్లో ఐరోపాలోని ఎనిమిది దేశాల్లో మొదలైన అధ్యయనం ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ కాలం నడిచింది. ముఖ్యంగా 55–69 ఏళ్లవారిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును పదేపదే పీఎస్ఏ పరీక్షకు పిలిచారు. 2025లో వెలువడిన 23 ఏళ్ల ఫలితం ప్రకారం పిలిచిన గుంపులో ప్రొస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. ఇంకోలా చెప్పాలంటే, 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. ఆ ఒక్కటి తప్పడానికి 12 మందికి అదనంగా క్యాన్సర్ ఉందని తేలి రోగులయ్యారు. 16 ఏళ్ల దగ్గర ఇదే లెక్క 570 మందికి ఒకటి, 18 మంది అదనపు రోగులు. అంటే ఈ పరీక్ష లాభం చెట్టు పెట్టి కాపు కోసం ఎదురుచూడటం లాంటిది. నష్టం మాత్రం మొదటి ఏడాదే ఎదురవుతుంది. పది పదిహేనేళ్ల ఆయుష్షు ఉంటుందని నమ్మకంగా చెప్పలేని మనిషికి ఈ పరీక్ష ఎందుకు వద్దంటారో దీన్నిబట్టే తెలుస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులు బాగా ముదిరినవారికి కాపు అందదు, ముళ్లు మాత్రం గుచ్చుకుంటాయి.

అమెరికాలో జరిగిన మరో పెద్ద అధ్యయనం తేడా ఏమీ లేదంది. కానీ అక్కడ పరీక్షకు పిలవని గుంపులోనూ అత్యధికులు బయట పీఎస్ఏ చేయించుకున్నారు. కాబట్టి దాన్ని చూపి పరీక్షే దండగ అనడం న్యాయం కాదు.

ఒక్కసారి చేయించి వదిలేస్తే?

బ్రిటన్‌లో 50–69 ఏళ్లవారిని ఒకే ఒక్క పీఎస్ఏ పరీక్షకు పిలిచి 15 ఏళ్లు గమనించారు. 2024లో వచ్చిన ఫలితం: పిలిచినవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు 0.69 శాతం, పిలవనివారిలో 0.78 శాతం. పిలుపు అందుకున్నవారిలో సగానికన్నా తక్కువమందే పరీక్షకు వెళ్లారన్నది నిజమే. అయినా వెయ్యిమందికి ఒకరికన్నా తక్కువ తేడా. ఒక్క పరీక్ష నిదానంగా సాగే క్యాన్సర్లను ఎక్కువగా పట్టి, ఉద్ధృతమైన కొన్నింటిని వదిలేసింది. ప్యాకేజీ పరీక్ష జరిగేది సరిగ్గా ఇలాగే. ఈ ఏడు ఒక ల్యాబు, ఆరేళ్ల తర్వాత ఇంకో ల్యాబు, మధ్యలో ఏమీ లేదు.

పైగా పాత రిపోర్టుతో పోల్చుకోవడమూ కష్టమవుతుంది. పీఎస్ఏ యంత్రాలకు రెండు రకాల ప్రమాణాలున్నాయి. ఒకే రక్తాన్ని రెంటిలో చూస్తే ఇరవై శాతం దాకా తేడా రావచ్చు. ల్యాబు మారి 3.4 కాస్తా 4.1 అయితే జబ్బు పెరిగినట్టు కాదు. ఒకే ల్యాబులోనైనా రోజుకూ రోజుకూ కొంత అటూఇటూ ఊగడం సహజం. 2.1 నుంచి 2.5కు వచ్చిందని కంగారుపడనక్కర్లేదు.

రక్తం ఇచ్చే ముందు

తప్పుడు అంకెలు చాలా వరకు ఇక్కడే పుడతాయి. పరగడుపున ఉండక్కర్లేదు. స్ఖలనం అయ్యి కనీసం 48 గంటలు గడవాలి. గట్టిగా సైకిల్ తొక్కినా అంతే, రెండు రోజులు ఆగండి. మూత్రంలో మంట, జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే అది పూర్తిగా తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ప్రొస్టేట్ ఇన్ఫెక్షన్‌లో పీఎస్ఏ పదులు దాటి పోవడం మామూలే. బయాప్సీ జరిగితే కనీసం ఆరు వారాలు. మూత్రాశయంలోకి గొట్టం వేసినా, లోపలికి కెమెరా పంపినా కొన్ని వారాల ఎడం ఇవ్వాలి. డాక్టరు మలద్వారం గుండా వేలితో పరీక్ష చేయబోతుంటే ముందే రక్తం తీయించుకుంటే సరిపోతుంది.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. గ్రంథి వాపుకు వాడే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ ఆరు నెలల నుంచి ఏడాదిలోపు పీఎస్ఏను దాదాపు సగానికి దించుతాయి. వాటి మీద ఉన్నవారి రిపోర్టులో 2.4 వస్తే దాన్ని 4.8గా చదవాలి. మందు వేసుకుంటున్నా అంకె పెరుగుతూ ఉంటే, అది 4 లోపే ఉన్నా యూరాలజిస్టుకు చూపించాలి. బట్టతలకు తక్కువ మోతాదులో ఫినాస్టరైడ్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది, వారిలో చాలామంది దాన్ని మందుగా లెక్కవేయక డాక్టరుకు చెప్పనే చెప్పరు. జుట్టుకూ గోళ్లకూ వేసుకునే బయోటిన్ మాత్రలు పెద్ద మోతాదులో ఉంటే కొన్ని యంత్రాల్లో పీఎస్ఏ ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి.

అంకె ఎక్కువొచ్చింది: నేరుగా బయాప్సీయా, మెట్టుమెట్టుగానా?

ముప్పై ఏళ్ల కిందట 4 దాటితే బయాప్సీ, బయాప్సీలో ఏది దొరికినా ఆపరేషన్. పీఎస్ఏకు చెడ్డపేరు తెచ్చింది రక్తపరీక్ష కాదు, దాని వెనక నడిచిన ఈ వరస. ఇవాళ అలా వెళ్లాల్సిన అవసరం లేదు.

మొదటి మెట్టు, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత అదే ల్యాబులో మళ్లీ పరీక్ష. ఎక్కువ వచ్చినవారిలో చాలామందికి రెండోసారి మామూలుకు దిగుతుంది. ఈలోగా లక్షణాలేమీ లేకుండానే ‘ఒక కోర్సు యాంటీబయాటిక్ వాడి చూద్దాం’ అనడం కొన్నిచోట్ల ఇంకా ఉంది. దానివల్ల తేలేదేమీ లేదు, అక్కర్లేని మందు మింగడమే.

రెండోసారీ ఎక్కువే ఉంటే సాంద్రత లెక్క చూడండి. ఇంత ఉపయోగపడే లెక్క ఇంత సులువుగా ఇంకోటి లేదు. పీఎస్ఏను గ్రంథి పరిమాణంతో భాగించాలి. పీఎస్ఏ 6, గ్రంథి 60 మిల్లీలీటర్లు అయితే 0.10. అదే 6, గ్రంథి 30 మిల్లీలీటర్లే అయితే 0.20. మొదటి మనిషికి పెరిగిన గ్రంథే ఆ పీఎస్ఏకు చాలావరకు కారణం. రెండో మనిషికి అంత చిన్న గ్రంథి నుంచి అంత ఊరడమే అనుమానం. 0.15 దాటితే అనుమానం బలపడినట్టు.

ఫ్రీ పీఎస్ఏ శాతం, అంటే రక్తంలో వేరే ప్రోటీన్లకు అతుక్కోకుండా విడిగా ఉన్న పీఎస్ఏ వాటా, ఇంకో తోడు పరీక్ష. మొత్తం 4–10 మధ్య ఉన్నప్పుడే దానికి విలువ. ఫ్రీ భాగం 10 శాతం లోపు ఉంటే క్యాన్సర్ అవకాశం సగానికి పైగా, 25 శాతం దాటితే పదింట ఒకటికన్నా తక్కువ. అంకె 2 ఉన్నప్పుడో 20 ఉన్నప్పుడో దీనికి డబ్బు పెట్టడం వృథా.

అసలు మార్పు తెచ్చింది ఎమ్మారై. 2018లో 500 మందితో జరిగిన అధ్యయనంలో ముందు ఎమ్మారై తీసి, అనుమానం ఉన్నచోటే సూది వేసిన గుంపులో 28 శాతం మందికి బయాప్సీయే తప్పింది. అయినా చికిత్స అవసరమైన క్యాన్సర్లు 38 శాతం మందిలో దొరికాయి. పాత పద్ధతిలో, అంటే గుడ్డిగా పది పన్నెండు చోట్ల సూదులు వేసిన గుంపులో 26 శాతం. పట్టించుకోనక్కర్లేని చిన్న క్యాన్సర్లు మాత్రం 22 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి. కావలసినవి ఎక్కువ, అక్కర్లేనివి తక్కువ. ఎమ్మారై మీద 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. 1, 2 వచ్చి సాంద్రతా తక్కువగా ఉంటే సాధారణంగా బయాప్సీ లేకుండా గమనిస్తారు. 4, 5 వస్తే బయాప్సీ చేయించుకోవాలి. 3 వస్తే సాంద్రతే తేలుస్తుంది. అయితే ఎమ్మారై శుభ్రంగా ఉన్నవారిలోనూ కొందరికి క్యాన్సర్ దాగి ఉంటుంది, కాబట్టి అక్కడితో ఫైలు మూసేయకూడదు. బయాప్సీ తర్వాత తీసే ఎమ్మారైలో రక్తపు మరకలు జబ్బును కప్పేస్తాయి. అందుకే స్కాను ముందు, సూది తర్వాత.

బయాప్సీలో సూదిని మలద్వారం లోపలి గోడ గుండా పంపవచ్చు, లేదా వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మం గుండా పంపవచ్చు. రెండో పద్ధతిలో మలంలోని సూక్ష్మజీవులు లోపలికి చేరవు, యాంటీబయాటిక్ అవసరమూ తగ్గుతుంది. ఎంచుకునే వీలుంటే అదే అడగండి.

క్యాన్సరని తేలితే: వెంటనే చికిత్సా, కనిపెట్టి ఉండటమా?

రక్తం ఇచ్చే ముందే ఈ ప్రశ్నకు మనసులో జవాబు ఉండాలి. బ్రిటన్‌లో పీఎస్ఏతో బయటపడిన 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి ఉండటం అని మూడు గుంపులుగా విడదీశారు. 15 ఏళ్ల తర్వాత (2023) ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయినవారు మూడింటిలోనూ 2 నుంచి 3 శాతం చిల్లరే. తేడా బతుకు తీరులో కనిపించింది: ఆరేళ్ల దగ్గర మూత్రం ఆగక ప్యాడు వాడుతున్నవారు ఆపరేషన్ గుంపులో 17 శాతం, కనిపెట్టి ఉన్నవారిలో 8, రేడియేషన్‌లో 4. అంగస్తంభన దెబ్బతినడమూ ఆపరేషన్ గుంపులోనే ఎక్కువ.

రెండో వైపు కూడా చెప్పాలి. కనిపెట్టి ఉన్న గుంపులో జబ్బు వేరే చోటికి పాకినవారు 9.4 శాతం, ఆపరేషన్ గుంపులో 4.7. కనిపెట్టి ఉన్నవారిలో 61 శాతం మంది తర్వాత ఎప్పుడో చికిత్సకు వెళ్లారు. కాబట్టి ఆగడమంటే మరచిపోవడం కాదు: పీఎస్ఏ, ఎమ్మారై, మళ్లీ బయాప్సీ ఒక క్రమంలో సాగాలి. బయాప్సీ ముక్కలో కణాల తీరు చూసి క్యాన్సర్ ఉద్ధృతికి 1 నుంచి 5 వరకు గ్రేడ్ గ్రూప్ వేస్తారు. గ్లీసన్ 6 అని రాసేది, అంటే గ్రేడ్ గ్రూప్ 1 వారికి ఇదే మొదటి ఎంపిక. గ్రేడ్ గ్రూప్ 4, 5 వారికి ఇది వర్తించదు, అక్కడ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. ‘క్యాన్సర్ ఉందని తెలిశాక ఒంట్లో ఉంచుకుని ఒక్కరోజు కూడా ఉండలేను’ అనే స్వభావం ఉన్నవారు ఆ సంగతిని ముందే డాక్టరుతో మాట్లాడాలి. వారి విషయంలో పరీక్ష మానేయడం కూడా తెలివైన నిర్ణయమే.

ఎవరికి ఎప్పుడు

తండ్రికో సోదరుడికో ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చినవారికి ముప్పు సుమారు రెట్టింపు. వారు, కుటుంబంలో బీఆర్‌సీఏ2 జన్యులోపం ఉన్నవారు, ఆఫ్రికన్ మూలాలున్నవారు 40–45 మధ్యే మొదలుపెట్టడం మంచిది. మిగతావారికి 50. ప్రతి ఏడూ అక్కర్లేదు: అంకె 1 లోపు ఉంటే కొన్నేళ్ల ఎడం ఇవ్వవచ్చు, 1–3 మధ్య ఉంటే రెండేళ్లకోసారి చాలు. 60 ఏళ్ల దగ్గర 1 లోపు ఉన్నవారికి ఆ తర్వాత ఈ జబ్బుతో చనిపోయే ముప్పు చాలా తక్కువ, వారు ఇక ఆపేసినా తప్పు లేదు. లక్షణాలు లేకుండా 70 దాటినవారికి అమెరికా నివారణ సేవల కార్యదళం 2018లో వద్దనే చెప్పింది.

ఈ పోలికంతా లక్షణాలు లేనివారి కోసం. మూత్రంలో రక్తం, తగ్గని ఎముకల నొప్పి, వేలి పరీక్షలో గట్టిగా తగిలిన గడ్డ ఉంటే వయసు ఎంతైనా, పీఎస్ఏ 2 ఉన్నా సరే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. రాత్రి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం మాత్రం ఎక్కువమందిలో వయసుతో పెరిగిన గ్రంథి వల్లే వస్తాయి. తొలిదశ క్యాన్సర్ సాధారణంగా ఏ లక్షణమూ చూపదు.