ఉబుంటులో ఫైలు సైజులు: వెయ్యి లెక్కతో ఏళ్ళ తరబడి పనిచేశాక

మా స్టూడియోలో పెళ్ళి వీడియోల ఎడిటింగ్, బ్యాకప్ అంతా ఉబుంటు (విండోస్‌లాంటిదే, లైనక్స్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) మీదే నడుస్తుంది. ఆల్బమ్ డిజైన్లకీ బిల్లులకీ పక్కన ఒక విండోస్ సిస్టమ్ ఉంది. ఒకే హార్డ్‌డిస్క్ రోజూ ఈ రెంటి మధ్యా తిరుగుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల మీద సమీక్షలు బోలెడున్నాయి. నేను రాసేది అంతకంటే చిన్న విషయం: ఫైలు పక్కన కనబడే సైజు అంకె.

500 జీబీ డిస్కులో ఉండేది 50,010 కోట్ల పైచిలుకు బైట్లు. దాన్ని ఉబుంటు 500 జీబీ అంటుంది, విండోస్ 465 జీబీ అంటుంది. ఉబుంటు వెయ్యితో భాగించుకుంటూ పోతుంది, విండోస్ 1024తో. చివర తగిలించే తోక మాత్రం రెంటిదీ ఒకటే. గొడవంతా అక్కడే. కేబీ దగ్గర తేడా 2.4 శాతం, ఎవరికీ పట్టదు. ఎంబీకి దాదాపు 5, జీబీకి 7 దాటుతుంది, టీబీకి వచ్చేసరికి ఇంచుమించు 10 శాతం.

కొలతల ప్రమాణాల్లో కిలో అంటే వెయ్యే, మెగా అంటే పది లక్షలే. 1024 లెక్క కావాలనుకునేవాళ్ళ కోసం అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1999లోనే కిబి, మెబి, గిబి అని విడిగా పేర్లు పెట్టింది. రాసేటప్పుడు మధ్యలో ఒక ‘ఐ’ చేరుతుంది: కేఐబీ, ఎంఐబీ, జీఐబీ. ఆపిల్ 2009లో స్నో లెపర్డ్ వెర్షన్‌తో మ్యాక్‌ని వెయ్యి లెక్కకి మార్చింది. ఉబుంటు 2010లో 10.10 వెర్షన్‌తో అదే దారి పట్టింది. విండోస్ ఇప్పటికీ 1024తో లెక్కేసి, జీబీ అనే రాస్తోంది.

ఉబుంటు పద్ధతి నా పనికి బాగా కలిసొచ్చింది. కెమెరా సెకనుకి 50 మెగాబిట్లతో రికార్డు చేస్తుందనుకోండి, గంటకి 22.5 జీబీ. నోటిలెక్కే. బిట్‌రేట్లు, నెట్ స్పీడు, డిస్కు డబ్బా మీది అంకె అన్నీ వెయ్యి లెక్కలోనే ఉంటాయి కాబట్టి, ఉబుంటులో ఆ ఫైలు 22.5 దగ్గరే కనిపిస్తుంది. విండోస్‌లో పెడితే 20.9. ముహూర్తం క్లిప్పు ఏదైనా కాపీ కాలేదేమోనని కొత్త కుర్రాళ్ళకి టెన్షన్ పట్టుకుంటుంది. కస్టమర్ల సంగతి సరేసరి. “తమ్ముడూ, ఐదొందలని చెప్పి 465దే ఇచ్చావేంటి, డూప్లికేటా?” అని అడిగినవాళ్ళున్నారు. ప్రాపర్టీస్ తెరిచి బైట్ల అంకె చూపిస్తాను. కొందరు నమ్ముతారు.

ఇబ్బందీ ఉంది. చాలా పెన్‌డ్రైవ్‌లు ఎఫ్ఏటీ32 అనే ఫార్మాట్‌లో వస్తాయి, ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు అంటారు. ఆ 4 జీబీ నిజానికి 1024 లెక్క, అందులోనూ ఒక్క బైటు తక్కువ: 429 కోట్ల 49 లక్షల పైచిలుకు బైట్లు. అంటే ఉబుంటులో 4.2 జీబీ అని కనబడే ఫైలు హాయిగా ఎక్కేస్తుంది. విండోస్‌లో 4.2 అని కనబడేది ఎక్కదు. ఇలాంటి చోట ఫైల్స్ యాప్‌లో ప్రాపర్టీస్ తెరిచి బైట్లు చూసుకోవడం తప్ప మార్గం లేదు.

పెద్ద ఫైలుని ముక్కలు చేసే స్ప్లిట్ కమాండ్ ఇంకా విచిత్రం. సైజు దగ్గర ‘4జీ’ అని ఇస్తే 1024 లెక్క, ‘4జీబీ’ అని ఇస్తే వెయ్యి లెక్క. మొదటిది ఎఫ్ఏటీ32 హద్దుని సరిగ్గా ఒక్క బైటుతో దాటుతుంది. ఆ ఒక్క బైటు కోసం గంటసేపు కాపీ అయిన పని ఆగిపోతుంది. నేను ఎప్పుడూ 4జీబీ అనే ఇస్తాను.

టెర్మినల్ దగ్గరే ఉబుంటుకి నేను మార్కులు తగ్గించేది. ఫైల్స్ యాప్‌లాంటి వాటిల్లో అంతా వెయ్యి లెక్క, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే చోటు) తెరిచి, డిస్కులో ఖాళీ చూపించే డీఎఫ్ కమాండ్‌కి చిన్న హెచ్ ఆప్షన్ (-h) ఇస్తే 1024 లెక్క. ఫలితం పక్కన ఒక్క ‘జీ’ అక్షరమే ఉంటుంది, అది ఏ జీయో చెప్పదు. పెద్ద హెచ్ (-H) ఇస్తే వెయ్యి లెక్క. ఫైళ్ళ జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్‌లో అయితే దానికి ‘ఎస్ఐ’ అని వేరే ఆప్షన్. ఈ కమాండ్ల ఫలితం మీద ఆధారపడిన పాత స్క్రిప్టులు దెబ్బతినకూడదని వాటిని కదపలేదు. ఆ కారణం నాకు అర్థమవుతుంది, కానీ ఒకే స్క్రీన్ మీద ఒకే డిస్కుకి రెండు సైజులు కనబడటం అర్థం కావడానికి కొత్తవాళ్ళకి చాలా కాలం పడుతుంది. ర్యామ్ చూపించే ఫ్రీ కమాండ్ కొత్త వెర్షన్లలో ‘జీఐ’ అని రాస్తోంది. ర్యామ్‌కి 1024 సహజం, ఆ మాట పైకి చెప్పింది కూడా. మిగతావీ అలా చేస్తే చాలు.

నిజానికి వెయ్యా, 1024నా అన్నది నాకు పెద్ద పట్టింపు కాదు. లైనక్స్‌లోనే మరో డెస్క్‌టాప్ అయిన కేడీఈ వాళ్ళ ఫైల్ మేనేజర్ డాల్ఫిన్ 1024 లెక్కే చూపిస్తుంది, కానీ జీఐబీ అని నిజాయితీగా రాస్తుంది. దాన్ని వాడినన్నాళ్ళూ ఎక్కడా తికమక పడలేదు. నెట్ మీద ఫైళ్ళు పంపే ఫైల్‌జిల్లాలో అయితే ఏ పద్ధతి కావాలో సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు. ఉబుంటు ఫైల్స్ యాప్‌లో ఆ సౌకర్యం లేదు. ఉండాలి. (పాత 1.44 ఎంబీ ఫ్లాపీ గుర్తుందా? అది 1440ని 1024తో గుణించి, వచ్చినదాన్ని పది లక్షల బదులు 1000 × 1024తో, అంటే 10,24,000తో, భాగించిన అంకె. రెండు పద్ధతులకీ చెందని కొలతని మనం ఏళ్ళ తరబడి మోశాం.)

ఇప్పుడు మా సిస్టమ్స్‌లో డీఎఫ్ అని కొడితే పెద్ద హెచ్‌తోనే నడిచేలా అలియాస్ (కమాండ్‌కి మారుపేరు) పెట్టాను, ఫైల్‌జిల్లాని వెయ్యి లెక్కకి మార్చాను. డెలివరీ స్లిప్పు మీద జీబీలు రాయడం మానేశాం. ఫైళ్ళు ఎన్ని, మొత్తం నిడివి ఎంత అని రాసి సంతకం పెట్టించుకుంటున్నాం.