డిస్కు బీరువాలో ఉండగానే వెతికిపెట్టే ‘ఎవ్రీథింగ్’: ఆరేళ్ల వాడకం తర్వాత

పెదవాల్తేరులో మాది పెళ్లి ఫోటోల స్టూడియో. బీరువాలో 14 ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు ఉన్నాయి. విండోస్‌లో ఫైళ్లు వెతకడానికి ‘ఎవ్రీథింగ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అది ఎంత వేగమో వాడినవాళ్లందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. చాలామంది తెరిచి కూడా చూడని ఫైల్ లిస్ట్ అనే సదుపాయం ఒకటుంది అందులో. నాకు అదంటే ప్రాణం.

డిస్కుని ఒక్కసారి తగిలించి, టూల్స్‌లో ఫైల్ లిస్ట్ ఎడిటర్ తెరిచి, యాడ్ ఫోల్డర్‌లో ఆ డిస్కుని చూపించి సేవ్ చేయాలి. ఈఎఫ్‌యూ అనే ఫైల్ తయారవుతుంది. ఆప్షన్స్‌లో ఇండెక్సెస్ కింద ఫైల్ లిస్ట్స్‌లో దాన్ని చేర్చాలి. ఇక డిస్కు బీరువాలో ఉన్నా అందులోని ఫైళ్ల పేర్లు, సైజులు, తేదీలు అన్నీ వెతికితే వస్తాయి. ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులకు కూడా ఇలా చేయొచ్చు.

లిస్టులు తయారుచేసిన మొదటి నెలలోనే, ఆషాఢంలో, ఒకాయన సాయంత్రం ఏడింటికి వచ్చారు. 2015లో సింహాచలం కొండమీద వాళ్ల చెల్లి పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. “తమ్ముడూ, నాన్నగారు పోయారు. ఎల్లుండి పెద్దకర్మ. పెళ్లిపీటల మీద నవ్వుతున్న ఫోటో ఒకటి తీశావు కదా, అమ్మ అదే కావాలంటోంది” అన్నారు.

పెళ్లికూతురు పేరు లక్ష్మి. టైప్ చేస్తే వేరే లక్ష్ములు వచ్చారు గానీ ఈవిడ రాలేదు. అప్పట్లో మా దగ్గర పనిచేసిన కుర్రాడు ఇంగ్లీషులో లక్ష్మికి ఎక్స్ పెట్టేవాడు, నేను కేఎస్‌హెచ్ పెడతాను. రెండు స్పెల్లింగులూ రాసి మధ్యలో నిలువు గీత పెట్టాను. అలా పెడితే రెండింటిలో ఏది ఉన్నా తెస్తుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేలోపే ఫోల్డర్ కనిపించింది.

చిక్కు అక్కడే వచ్చింది. ఫోల్డర్ ‘E:’ డ్రైవ్‌లో ఉందని చూపిస్తోంది. అది తగిలించిన డిస్కుకి విండోస్ ఇచ్చే అక్షరం. డిస్కులన్నీ ఒకే పోర్టులో ఒకదాని తర్వాత ఒకటి తగిలించి లిస్టులు తీశాను కాబట్టి 14 డిస్కులూ దాని లెక్కలో ‘E:’ డ్రైవే! చివరికి ఒక్కొక్కటీ తగిలించి చూడాల్సి వచ్చింది. ఎనిమిదో డిస్కులో దొరికేసరికి ఎనిమిదిన్నర దాటింది. పెద్దాయన నవ్వు తెరమీద కనిపించగానే ఆయన కాసేపు మాట్లాడలేకపోయారు. ప్రింటు ఆ రాత్రే వేసి ఇచ్చాను.

మర్నాడు ప్రతి డిస్కులోనూ ‘డిస్క్ 01’, ‘డిస్క్ 02’ అని ఒక ఫోల్డర్ పెట్టి, ఉన్నవన్నీ అందులోకి మార్చాను. అదే డిస్కులో మార్చడమే కాబట్టి క్షణాల్లో అయిపోతుంది. డిస్కు పైన అదే నంబరుతో స్టిక్కర్ అంటించి, లిస్టులన్నీ మళ్లీ తీశాను. అప్పటినుంచి పాత్‌లోనే, అంటే ఫైల్ ఎక్కడుందో చూపించే చోటే, డిస్కు నంబరు కనిపిస్తోంది. ఫోల్డర్ పేరు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు, తెలుగులో టైప్ చేస్తే తెలుగులోనే దొరుకుతుంది.

ఇది ఉంటే పాత పెళ్లిళ్ల గురించి ఇక టెన్షన్ అక్కర్లేదని ఈ లైన్‌లో ఉన్న స్నేహితులకు చాలాసార్లు చెప్పాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. పోయిన కార్తీకంలో డిస్క్ 07 టిక్కు టిక్కుమని నాలుగుసార్లు చప్పుడు చేసి ఆగిపోయింది. వెతికితే 11 పెళ్లిళ్లూ వరసగా వచ్చాయి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్ని ఫోల్డర్లూ. దేనిమీద నొక్కినా తెరుచుకోదు. అది పేర్ల జాబితా మాత్రమే, బ్యాకప్ కాదు. తెలిసిన విషయమే అయినా ఆ రోజు చూస్తుంటే కడుపులో దేవినట్టయింది.

అయితే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పింది కూడా ఆ జాబితానే. ఎనిమిది ఇళ్లలో మేమిచ్చిన పెన్‌డ్రైవ్‌లు ఇంకా ఉన్నాయి, తెచ్చి కాపీ చేసుకున్నాను. మూడు ఇళ్లలో లేవు. ఇప్పుడు ప్రతి పెళ్లీ రెండు డిస్కుల్లో పెడుతున్నాను.

నాలాగా డిస్కులు పోగేసుకున్నవాళ్లకు దీన్ని గట్టిగా చెబుతాను. అన్నీ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉన్నవాళ్లకు ఈ లిస్టులతో పనిలేదు. డిస్కులో కొత్తవి చేరితే లిస్టు మళ్లీ తీయాలి, సీజన్‌లో నాకే ఒక్కోసారి కుదరదు. ఫోల్డర్‌కి ఇంటివాళ్ల పేరు పెట్టకుండా కెమెరా ఇచ్చిన నంబర్లతోనే వదిలేసేవాళ్లకు పేరుతో వెతికితే ఏమీ రాదు.

డిస్క్ 07 లిస్టు మాత్రం తీసేయలేదు. ఆ మూడిళ్ల చుట్టాల దగ్గర ఎక్కడైనా కాపీలు దొరికితే ఏవి వచ్చాయో, ఇంకా ఏవి రావాలో దాంతోనే సరిచూసుకోవాలి.