అనంతపురంలో రంగుటద్దాల క్లాసు: ఎనిమిది ఆదివారాలు వెళ్లొచ్చాక

అనంతపురంలో స్టెయిన్డ్ గ్లాస్, అంటే రంగు గాజు ముక్కలు కోసి అతికి బొమ్మలు చేసే పని, నేర్పే క్లాసు ఉందంటే నేను మొదట నమ్మలేదు. ఇక్కడ అద్దాల పని అంటే కిటికీలకు, బీరువాలకు అద్దం కోసి బిగించేవాళ్లు, ఫొటోలకు ఫ్రేము కట్టేవాళ్లు, అంతే కదా. కోర్టు రోడ్డుకు దగ్గర్లో ఒక ఇంటి మేడ మీద ఒక సార్ ఆదివారాలు బ్యాచ్ నడుపుతున్నారని మా ఆఫీసులో ఒకావిడ చెబితే వెళ్లి చేరాను. ఎనిమిది ఆదివారాలు, రోజుకు మూడు గంటలు, ఫీజు 7,500. కటర్, ప్లయర్లు, గాజు అంచులు అరగదీసే గ్రైండర్, టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ అన్నీ వాళ్లవే, రంగు గాజు మాత్రం ఎవరి ఖర్చు వాళ్లది. నా స్టేటస్‌లో ఫొటో చూసి చాలామంది అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బోధన బాగుంది, గది బాగుంది అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అందుకే మా పదకొండు మంది చేసిన ప్రాజెక్టుల గురించే చెబుతాను. ఈ క్లాసు మంచీ చెడూ రెండూ వాటిలోనే కనిపిస్తాయి.

రెండేళ్ల కింద వేరే ఊళ్లో ఇలాంటిదే ఒక్కరోజు వర్క్‌షాపుకి వెళ్లాను. ముక్కలు ముందే కోసిపెట్టారు, టేపు చుట్టి టంకం వేస్తే మూడు గంటల్లో సీతాకోకచిలుక చేతికొచ్చింది. బాగానే ఉంది, మా ఇంట్లో ఇప్పటికీ వేలాడుతోంది, కానీ ఇంటికొచ్చాక సొంతంగా ఒక్క ముక్క కోయడం నా వల్ల కాలేదు. ఇక్కడ మొదటి రెండు ఆదివారాలు రంగు గాజు ముట్టుకోనివ్వలేదు. మామూలు 3 ఎంఎం కిటికీ అద్దం ముక్కలు ఒక తొట్టి నిండా పెట్టి కోస్తూ ఉండండి అన్నారు.

నిజానికి కటర్‌తో గాజు తెగదు. పిడిలో నూనె ఉంటుంది, చివర సన్నటి కార్బైడ్ చక్రం, దాంతో పైపైన గీత మాత్రమే పడుతుంది, ఆ గీతకు అటూ ఇటూ బొటనవేళ్లు ఆనించి కిందికి వంచితే గీత వెంట విరుగుతుంది. చెయ్యి సరిగ్గా పడితే పట్టుగుడ్డ చించినట్టు సన్నటి శబ్దం వస్తుంది, గట్టిగా నొక్కితే గీత తెల్లబడి గాజు పొడి లేస్తుంది, తేలిపోతే శబ్దమే ఉండదు. ఒకసారి గీసిన చోట మళ్లీ గీయకూడదు, గీస్తే చక్రమూ పాడవుతుంది, గాజు ఎటు పడితే అటు పగులుతుంది. రెండో ఆదివారం సగానికి వచ్చేసరికి నేను గీత వంక చూడటం తగ్గించి శబ్దం వినడం మొదలుపెట్టాను, అప్పటి నుంచి ముక్కలు చెప్పిన మాట విన్నాయి.

మూడో వారం నుంచి సొంత బొమ్మ. అంగుళాల్లో 12కి 12, ఇంటర్నెట్‌లో దొరికిన ప్యాటర్న్ తెస్తే సార్ తీసుకోరు. నేను శనక్కాయ చెట్టు గీసుకెళ్లాను. మాది ధర్మవరం వైపు పల్లె, మా నాన్న ఇప్పటికీ కదిరి 6 రకమే వేస్తాడు, నాకు చిన్నప్పటి నుంచి బాగా తెలిసిన చెట్టు అదొక్కటే. పైన నాలుగేసి రెక్కల ఆకులు, నాలుగు పసుపు పూలు, మధ్యలో నేల, కింద ఎర్రమట్టిలోకి దిగిన ఊడలు, వాటి చివర కాయలు. కాగితం మీద చూడముచ్చటగా ఉంది. సార్ దాన్ని చాలాసేపు చూసి కాయల మధ్య ఉన్న మట్టి ముక్క మీద వేలు పెట్టారు. లోపలికి లోతుగా వంకరలు తిరిగిన ముక్కను గాజులో కోయలేం, పగులు ఆ వంపు తిరగకుండా నేరుగా పోయి అడ్డంగా చీలుస్తుంది. పైగా నేను ఊడలకు కూడా గోధుమరంగు గాజు పెట్టాలనుకుని అగ్గిపుల్లంత ముక్కలు గీశాను.

"ఊడకి గాజేంటికి పాపా? టంకమే ఊడ అయితాది గదా" అన్నారు సార్.

ఆ మాటతో నాకు ఈ పనంతా ఒక్కసారిగా అర్థమైంది. మేం నేర్చుకున్నది రాగి టేపు పద్ధతి. అమెరికాలో టిఫనీ దీపాల గొడుగులతో పేరు తెచ్చుకున్నది ఇదే, ప్రతి ముక్క అంచుకూ రాగి టేపు చుట్టి, ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి, ఆ టేపు మీద తగరం సీసం కలిసిన టంకం పోస్తారు. అంటే రెండు ముక్కలు కలిసే ప్రతి చోటా నల్లగీత తప్పదు. అప్పటిదాకా నేను ఆ గీతల్ని అతుకులు అనుకుంటున్నాను, కళ్లకు కనబడకుండా ఎంత తగ్గిస్తే అంత మంచిదనుకుంటున్నాను. ఊడ గీతైపోయేసరికి లోతు వంపుల సమస్య కూడా పోయింది. ఒక్కో ఊడ దిగిన చోట మట్టి రెండు ముక్కలైంది, ఒక్కో ముక్కా సుఖంగా కోయగలిగేంత సులువైంది. ఒక ఆదివారమంతా కాగితం మీద గీతలు సర్దడానికే సరిపోయింది, సార్ తొందరపెట్టలేదు.

ఇక గింజలు. ఎనిమిది కాయలు గీసి రెండింటిని మాత్రం ఒలిచినట్టు చూపించాను, ఎందుకంటే గింజ రంగు గులాబీ, గులాబీ గాజు ధర వింటే గుండె ఝల్లుమంటుంది. నీలానికి కోబాల్ట్ కలిపినట్టే, అసలైన గులాబీ గాజు కొన్ని రకాల్లో కరిగేటప్పుడు నిజంగానే బంగారం కలుపుతారు, అందుకే ఆ ధర. సార్ దగ్గర మిగిలిన అరచేతంత ముక్కలో నాలుగు గింజలు తీశాను. ఒక్కోటి బొటనవేలి గోరంత. చేత్తో పట్టుకుంటే గ్రైండర్ రాయికి వేలు తగులుతుంది, చిన్న ప్లయర్‌తో పట్టుకుని నీళ్లు పారుతుండగా నెమ్మదిగా తిప్పాలి. మామూలుగా వాడే ఐదున్నర మిల్లీమీటర్ల టేపు చుడితే సగం గింజ టేపు కిందే పోతుందని 4 మిల్లీమీటర్లది చుట్టాను. 3 ఎంఎం గాజు మీద అటూ ఇటూ అర మిల్లీమీటరే అంచు మిగులుతుంది, ఒకవైపు కాస్త ఎక్కువైతే టంకం వేశాక గీత వంకరగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండో గింజకు మూడుసార్లు టేపు విప్పి చుట్టాను.

బ్యాచ్‌లో అన్నిటికన్నా మంచి ప్యానెల్ మాత్రం నాది కాదు, టైలరింగ్ షాపు నడిపే ఒక అక్కది. ధర్మవరం చీర అంచు తీసుకుంది, జరీ అంచులో నెమలి. గుడ్డకు నిలుపోగు ఉన్నట్టు చారల గాజుకు చార ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, నెమలి పింఛంలో ప్రతి ముక్క చారా ఈక సాగే వైపే ఉండేలా కాగితం ముక్కల్ని తిప్పి తిప్పి పేర్చింది. జాకెట్టు బట్టలో చేతులు, వీపు ఎలా సర్దుతారో అలా. 64 ముక్కలు, అన్నిటికీ నంబర్లు, వృథా గాజు గుప్పెడే. దూరం నుంచి చూస్తే నిజంగా పట్టులా మెరుస్తుంది.

అల్యూమినియం కిటికీల పని చేసే తమ్ముడొకడు క్లాక్ టవర్ చేశాడు. గాజు కోయడంలో సార్ కన్నా వేగం, రోజూ చేసే పనే కదా. ఇబ్బంది వేరే చోట వచ్చింది. టవర్‌కి రెండు పక్కలా పైనుంచి కింద దాకా ఒకే తిన్నటి గీత పెట్టుకున్నాడు, ఇంత పెద్ద ప్యానెల్‌లో అలాంటి గీత తలుపు బందులాగా పనిచేస్తుంది, ఎత్తగానే అక్కడ వంగిపోయింది. గాజు పగల్లేదు కానీ టంకం చీలింది. ఆకాశం ముక్కల్ని గీత దాటి ఎగుడుదిగుడుగా వచ్చేలా మళ్లీ కోసి, చుట్టూ ఫ్రేములా జింక్ చానెల్ బిగించాక నిలబడింది. ఇక్కడ సార్‌తో నేను ఏకీభవించను. బొమ్మ కాగితం మీద ఉన్నప్పుడే ఆయన చూశారు, చేతికి తెలిస్తే మర్చిపోరని ఊరుకున్నారట. ఆ పిల్లాడికి నీలం గాజుకు మళ్లీ 900 అయ్యింది. ఆ మాట ముందే చెప్పాల్సింది.

తోలుబొమ్మ చేసిన డిగ్రీ అమ్మాయి గురించి రాయకపోతే ఈ రివ్యూ అసంపూర్ణం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు మనందరికీ తెలుసు, 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది ఆ కళకే. మేకతోలును పలచగా చేసి, రంగులద్ది, నగలున్న చోటల్లా ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, వెనక దీపం పెడతారు. ఆ అమ్మాయి సీత బొమ్మ ఎంచుకుంది. చీర, జడ, నగలు అద్భుతంగా కుదిరాయి. ముఖం దగ్గర ఆగిపోయింది. చర్చి కిటికీల్లో మనం చూసే ముఖాలు గాజు మీద ప్రత్యేకమైన రంగుతో గీసి, 600 డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చినవి, ఆ రంగు గాజులో కలిసిపోతుంది. ఈ క్లాసులో కొలిమి లేదు. మామూలు ఎనామిల్ పెయింట్‌తో కన్ను గీస్తే, టంకం పట్టడానికి పూసే ఫ్లక్స్‌ను కడిగేటప్పుడు సగం ఊడొచ్చింది. చివరికి కన్ను, ముక్కు, పెదవి అన్నీ టంకం గీతలే అయ్యేలా ముఖాన్ని ఐదు ముక్కలు చేసింది, తోలుబొమ్మల్లాగే పక్కకు తిరిగిన ముఖం కాబట్టి నప్పింది కూడా. కానీ మనుషుల ముఖాలు చేయాలని ఆశపడి చేరేవాళ్లు కొలిమి లేదన్న సంగతి ముందే తెలుసుకోండి.

ఒక రిటైర్డ్ మాస్టారు మెదక్ చర్చిలో ఏసు జననం, శిలువ, ఆరోహణం కిటికీలు చూసొచ్చి ఆ ఆశతోనే చేరారు, చిన్న నక్షత్రం చేశారు. ఆయన కొక్కెం అంచు టేపు మీద అతికించారు, వారం తిరక్కుండానే బరువుకు టేపుతో సహా ఊడింది. కొక్కేన్ని ఎప్పుడూ రెండు ముక్కలు కలిసే గీతలోకి దించి టంకం వేయాలి. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి పనికొస్తుందని రాస్తున్నా.

ఇక నాకు నచ్చని విషయాలు. గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు. టంకంలో 40 శాతం సీసం, ఫ్లక్స్ పొగ వేరే, ఏప్రిల్ ఎండకు కిటికీలు తెరిచినా గాలి ఆడదు. చేతులు సబ్బుతో కడిగిస్తారు, టేబుల్ దగ్గర టీ తాగనివ్వరు, అంతవరకు జాగ్రత్తగానే ఉన్నారు, కానీ ఒకసారి ఒకావిడ చిన్న పిల్లాడిని వెంట తెస్తే ఏమీ అనలేదు. సీసంతో పనిచేసే గదిలో చిన్నపిల్లలు, గర్భిణులు అసలు ఉండకూడదు, ఇది గోడ మీద రాసిపెట్టాలి. సార్‌కి నేరుగా కూడా చెప్పాను, ఫ్యాన్ పెట్టిస్తానన్నారు. పదకొండు మందికి ఒకటే గ్రైండర్ ఉండటం ఇంకో బాధ, ఐదో ఆరో వారాల్లో మూడు గంటల్లో గంట వరుసలో నిలబడటానికే పోయింది.

గాజు ఎక్కడ కొనాలన్నది నిజంగా పెద్ద సమస్య. మన ఊళ్లో దొరకదు. నేను తొందరపడి ఆన్‌లైన్‌లో ఆరు రంగుల ప్యాక్ తెప్పించుకున్నాను, గ్రైండర్ మీద పెట్టగానే ఆకుపచ్చ పొరలా లేచిపోయింది, అది మామూలు అద్దానికి రంగు పూసిన సరుకు. 1,400 పోయాయి. కొనేముందు అంచు ఫొటో అడగండి, నిజమైన రంగు గాజుకు అంచులో కూడా రంగు కనిపిస్తుంది. సార్ నలుగురివీ కలిపి బెంగళూరు నుంచి తెప్పిస్తారు, కాస్త ఆలస్యమైనా అదే నయం.

చివరి ఆదివారం క్లాసు పొద్దున ఏడింటికే పెట్టారు. ముందు రోజుల్లో టేబుల్ మీద పడుకోబెట్టినప్పుడు మా ప్యానెళ్లన్నీ నల్లగా, బరువుగా, ఏ రంగూ తెలియకుండా ఉండేవి, నాకైతే ఇన్ని ఆదివారాలు దీనికా అని దిగులేసింది. తూర్పు బాల్కనీ గ్రిల్‌కి వరసగా తీగలతో కట్టారు. ఏడున్నరకు ఎదురింటి ట్యాంకు దాటి ఎండ పడింది. కింద గచ్చు మీద, మా చెప్పుల మీద, గోడ మీద ఎరుపు, నీలం పడ్డాయి. టైలర్ అక్క తన నెమలి నీడ పడిన చోట చీర కుచ్చిళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సీత బొమ్మ అమ్మాయి వాళ్ల అవ్వ వచ్చింది, "దీపం పెట్టకముందు మన బొమ్మలూ ఇట్లే ఉంటాయి లేమ్మా, వట్టి తోలు" అంది నాతో.

నాదాన్ని పల్లెకు తీసుకెళ్లి మా ఇంటి వసారా కిటికీకి కట్టాను. నాన్న దగ్గరికొచ్చి ఊడలు, కాయలు, పైన మిగిలిన పూలు చూసి, "తొంభై దినాల చెట్టు ఇది, ఇంకొక వాన పడాల" అన్నాడు.

తర్వాతి బ్యాచ్ దసరా అయ్యాక అంటున్నారు. నిండు చేతుల చొక్కా, మడమ కప్పే బూట్లు వేసుకుని వెళ్లండి, మొదటి రోజే ఫ్యాన్ బిగించారో లేదో చూడండి, గాజుకు ఫీజు కాక ఇంకో మూడు వేలు పక్కన పెట్టుకోండి. వేసవి బ్యాచ్ కన్నా చలికాలం బ్యాచే మేలు, ఐరన్ దగ్గర ఆ ఉక్కకు నిలబడలేం. నేను మళ్లీ చేరుతున్నాను, ఈసారి మా మేడ మెట్ల దగ్గర వెంటిలేటర్‌కి, రాగి టేపు బదులు సీసం పట్టీల మధ్య గాజు బిగించే పద్ధతిలో, అంగుళాల్లో 18కి 24. కొలతలు తీసి పెట్టుకున్నాను.