తిరుపతిలో కారు మిస్‌ఫైర్ రిపేరుకు ఇస్తున్నారా? కాయిల్స్ మార్చామంటే నమ్మకండి

రేణిగుంట రోడ్డులో ఆ షెడ్డు గురించే. ఏదో నేను చెప్పక్కర్లేదు, తిరుపతిలో కారున్న వాళ్ళకి అర్థమయ్యే ఉంటుంది.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బండి కుదుపులు, పికప్ లేదు, ఇంజిన్ లైట్ వెలిగి ఆరుతోంది. స్కానర్ పెడితే పీ0303 కోడ్, అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అందులో పెట్రోలు సరిగా మండట్లేదని. "నాలుగు కాయిల్సూ పోయాయి సార్" అన్నాడు షెడ్డువాడు. కాయిల్ అంటే ప్లగ్గుకి స్పార్క్ కోసం కరెంటు ఇచ్చేది. కోడ్ మూడోది ఒక్కటే చూపిస్తోంది కదా అంటే "ఒకటి పోతే మిగతావీ అదే దారి" అన్నాడు. 11,400 ఫోన్‌పే చేశాను. లైట్ ఆరింది. ఆరక ఏం చేస్తుంది, కోడ్ చెరిపేశాడుగా! చిత్తూరు బయల్దేరితే చంద్రగిరి దాటకముందే మళ్ళీ అదే కుదుపు.

అక్కడే ఒక మెకానిక్‌కి చూపించా. మూడో కాయిల్ కనెక్టర్ లాక్ ఎప్పుడో విరిగితే నేనే కేబుల్ టై వేయించాను. అది దుమ్ముపట్టి అలాగే ఉంది. ఆ అబ్బాయి దాన్ని వేలితో లాగి చూసి, "అన్నా, ఈ టై కోయకుండా కాయిల్ ఎట్లా మార్చినారన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వెనక్కి వెళ్ళి షెడ్డువాణ్ణి అడిగా. "మీకిచ్చింది ఎస్టిమేట్ సార్, బిల్లు కాదు" అన్నాడు. పాత కాయిల్స్ చూపించమంటే పనికుర్రాళ్ళ వైపు చూసి నవ్వుతూ, "పాత ఇనుముకు వేసేశాం. అంత అనుమానం ఉన్నోళ్ళు ఇంట్లోనే రిపేరు చేసుకోవాల" అన్నాడు. డబ్బులు పడేదాకా "కూర్చో అన్నా, టీ తాగు" అన్న నోరే అది!

ఇంతకీ పోయింది స్పార్క్ ప్లగ్గు. చంద్రగిరి అబ్బాయి మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో పెట్టాడు, కోడ్ మూడులోనే ఉంది. అంటే కాయిల్ బాగానే ఉంది. మూడో ప్లగ్గు రెండో దాంట్లోకి మార్చాడు, కోడ్ పీ0302కి వచ్చింది. ఆ ప్లగ్గు పింగాణీకి వెంట్రుకంత పగులు. ఎత్తు ఎక్కేటప్పుడు లోడ్ పడితే స్పార్క్ అటునుంచే జారిపోతుందట. నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేసినా వెయ్యి కాలేదు.

కాయిల్ అనగానే ముందు ఇలా అటూ ఇటూ మార్చి చూపించమనండి. పాత సామాను, జీఎస్టీ బిల్లు చేతికొచ్చాకే డబ్బులివ్వండి. లైట్ మిణుకుతుంటే మాత్రం నడపకండి, కాలని పెట్రోలు వెళ్ళి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తినేస్తుంది. నా ఫోన్‌పే రసీదు ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెడుతున్నా. ఆ షెడ్డులో ఇలాగే పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే కింద రాయండి.