జాగ్రత్త: లైటు ఆరినంత మాత్రాన నాక్ సెన్సర్ బాగైనట్టు కాదు

కర్నూలు, అనంతపురం, కడపల్లో సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు చూస్తున్నవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. నాక్ సెన్సర్ (ఇంజిన్లో పెట్రోలు అదుపు తప్పి పేలడాన్ని, అంటే నాకింగును, పసిగట్టే భాగం) పోయిన బండికి కొత్తది వేయకుండా, కనెక్టర్లో చిన్న రెసిస్టర్ ఇరికించి చెక్ ఇంజిన్ లైటు ఆర్పి అంటగట్టే మోసం ఒకటుంది. వైరు చివర రెసిస్టెన్స్ కనపడేసరికి కొన్ని బండ్లలో ఈసీయూ (ఇంజిన్ను నడిపించే కంప్యూటర్) సెన్సర్ ఉందనే అనుకుంటుంది. లోపల ఇంజిన్ నాకింగ్ కొడుతున్నా దానికి తెలియదు.

నాక్ సెన్సర్ అంటే ఇంజిన్ బ్లాకుకు బోల్టుతో బిగించిన పీజో ముక్క, అంటే అదిరితే కరెంటు సిగ్నల్ పుట్టించే ముక్క. మంట చేరకముందే సిలిండర్లో మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం తనంతట తాను పేలితే బ్లాకు అదురుతుంది, అదే నాకింగ్. ఆ అదురును సెన్సర్ సిగ్నల్‌గా పంపగానే ఈసీయూ స్పార్క్ టైమింగును వెనక్కి జరుపుతుంది, అంటే ప్లగ్ నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడుతుంది. సెన్సర్ పోయిందని తెలిస్తే టైమింగును ఎప్పుడూ వెనక్కే ఉంచుతుంది. పికప్ చచ్చిపోతుంది, మైలేజీ పడిపోతుంది, కానీ ఇంజిన్ బతుకుతుంది. రెసిస్టర్ పెట్టిన బండికి ఆ కాపుదల కూడా ఉండదు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నిండా మనుషులతో గువ్వలచెరువు ఘాటు ఎక్కితే పిస్టన్ మీద రింగులు కూర్చునే గట్లు విరగొచ్చు, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే సీలు) పోవచ్చు. అప్పుడు ఇంజిన్ దించక తప్పదు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా మీటరు చూడండి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే బల్బుతోనే ఆడుకున్నారేమో అనుమానించండి. తర్వాత ఓబీడీ స్కానర్ (ఈసీయూలో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టించండి. పీ0325 అంటే సెన్సర్ సర్క్యూట్‌లో లోపం, పీ0327 సిగ్నల్ తక్కువ, పీ0328 ఎక్కువ. కోడ్లు లేవని సంబరపడొద్దు. కోడ్లు చెరిపాక ఎంత దూరం నడిచిందో చాలా బండ్లలో స్కానర్‌లోనే కనపడుతుంది. అది పది, ఇరవై కిలోమీటర్లే ఉంటే మీరు వచ్చేముందు చెరిపారన్నమాట. ఇంజిన్ బాగా వేడెక్కాక మూడో గేరులో, 2000 ఆర్పీఎం దగ్గర, ఎత్తు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు టకటక వస్తే నాకింగే. చివరగా సెన్సర్ వైరు చూపించమనండి. కొన్ని బండ్లలో అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాగి ఉంటుంది, అయినా వదలొద్దు. కనెక్టర్ దగ్గర కొత్త టేపు చుట్టి ఉంటే విప్పించండి. విప్పనంటే ఆ బండి వదిలేయండి.

కోడ్ కనపడగానే సెన్సర్ పోయిందని తేల్చేసే మెకానిక్కులతోనూ జాగ్రత్త. ఎలుక కొరికిన వైరు, తుప్పు పట్టిన పిన్ను, వదులైన బోల్టు కూడా ఇవే కోడ్లు తెస్తాయి. వైరు కంటిన్యుటీ (ఎక్కడా తెగకుండా కరెంటు పారుతోందా లేదా) చూశాకే కొత్తది కొనండి. సీల్ విప్పని ప్యాకెట్టే తీసుకోండి, పాత సెన్సర్ తిరిగి అడగండి. బిగించేచోట పెయింటు, తుప్పు, గ్రీజు ఉండకూడదు, వాషర్ వేయకూడదు: లోహానికి లోహం తగిలితేనే అదురు సరిగ్గా అందుతుంది. చాలా బండ్లకు బిగింపు 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ బండి మాన్యువల్ చూసి టార్క్ రెంచితోనే బిగించమనండి. ఎక్కువైతే పీజో చిట్లుతుంది, తక్కువైతే సిగ్నల్ రాదు.

ఇలాంటి బండి ఇప్పటికే కొనేసి ఉంటే ఆ రెసిస్టర్ ఇవాళే పీకించండి. లైటు వెలిగినా పర్వాలేదు. కొత్త సెన్సర్ పడేదాకా ఘాట్లు, నిండు లోడు, హైవే మీద గట్టి తొక్కుడు వద్దు.