పని ఇంటికొచ్చాక తెలిసింది అప్‌లోడ్ విలువ: ఐదేళ్ల వాడకం తర్వాత

2020 మార్చిలో ఆఫీసు పని ఇంటికొచ్చేసరికి మా ఇంట్లో ఉన్నది 100 ఎంబీపీఎస్ కేబుల్ బ్రాడ్‌బ్యాండ్. సినిమాలకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు కాబట్టి పనికీ సరిపోతుందనుకున్నాను. మొదటి వారంలోనే మీటింగుల్లో చిక్కు మొదలైంది. అవతలివాళ్ల మాట నాకు చక్కగా వినిపించేది, నా మాటే వాళ్లకు ముక్కలుముక్కలుగా చేరేది. స్పీడ్ టెస్ట్ పెడితే 95 చూపించేది. కస్టమర్ కేర్‌వాళ్లు కూడా ఆ అంకె విని, లైన్ బాగానే ఉందనేవారు.

అసలు సంగతి దాని పక్కనున్న రెండో అంకెలో ఉంది. నా ప్లాన్‌లో అప్‌లోడ్ 10 మాత్రమే. ఇళ్లల్లో జనం చూసేదే ఎక్కువ, పంపేది తక్కువ అన్న లెక్కతో కేబుల్ లైన్లలో అప్‌లోడ్‌కి ఇరుకు దారే వదిలారు. వీడియో కాల్ అలా కాదు, ఎంత వస్తుందో దాదాపు అంతా వెళ్లాలి. ఇద్దరి మీటింగులు, ఒక ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగా ఎవరి ఫోనో ఫొటోలు బ్యాకప్ మొదలుపెడితే చాలు, 18 మిల్లీసెకన్లుండే పింగ్, అంటే డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం, 700 దాటేది. వెళ్లాల్సిన డేటా అంతా మోడెమ్‌లో క్యూ కట్టేది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారని తర్వాత తెలిసింది.

నాకు బాగా పనికొచ్చిన మందు రౌటర్‌లోనే దొరికింది. డేటా క్యూ పెరగకుండా చూసే ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఆన్ చేసి, అప్‌లోడ్‌ని 9 దగ్గర ఆపాను. ఒక ఎంబీపీఎస్ వదులుకుంటే, బ్యాకప్ నడుస్తున్నా పింగ్ 40 దాటలేదు. ఆ రోజు సాయంత్రం మీటింగ్‌లో ఒక్కసారి కూడా 'వినిపిస్తోందా' అని అడగాల్సిన అవసరం రాలేదు. ఎంత హాయిగా అనిపించిందో!

రాత్రిళ్లు నెట్ నెమ్మదించే సమస్య మాత్రం నా చేతిలో లేదు. వీధి మొత్తానికి ఒకే లైన్, అందరూ ఇళ్లలోనే. ఇలాంటి రద్దీ వల్లే అదే మార్చిలో యూరోపియన్ కమిషన్ కోరితే నెట్‌ఫ్లిక్స్ యూరప్‌లో తన ట్రాఫిక్‌ని సుమారు 25 శాతం తగ్గించింది. యూట్యూబ్ కూడా కొంతకాలం డిఫాల్ట్‌గా మామూలు క్వాలిటీలోనే వీడియోలు చూపించింది.

రెండేళ్ల తర్వాత ఫైబర్‌కి మారాను, అటు 100, ఇటు 100. ఫైబర్‌లోనూ లైన్ పంచుకోవడం ఉంటుంది. ఇళ్ల ఫైబర్‌కి ఎక్కువగా వాడే జీపాన్ అనే పద్ధతిలో డౌన్‌లోడ్‌కి దాదాపు 2.5 జీబీపీఎస్, అప్‌లోడ్‌కి 1.25 ఉంటే, దాన్ని తరచుగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అయినా ఇన్నాళ్లలో లైన్ వల్ల కాల్ తెగింది లేదు. వెనక గదిలో ఆగిపోతుంటే మొదట ఫైబర్‌నే అనుమానించాను, తప్పు వైఫైది. ల్యాన్ కేబుల్ లాగాక ఆ టెన్షన్ పోయింది. కరెంటు పోతే ఫైబర్ పెట్టె కూడా ఆగిపోతుంది కాబట్టి చిన్న యూపీఎస్ పెట్టుకున్నాను.

ప్లాన్ మారుద్దామని మొన్న చూశాను. పెద్ద అక్షరాల్లో ఇప్పటికీ డౌన్‌లోడే. అప్‌లోడ్ ఎంతో తెలుసుకోవడానికి రెండుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది.