కొత్త పంట శనగలు, అలసందలు దొరికే ఒంగోలు దుకాణం

ఒంగోలు కూరగాయల మార్కెట్టుకు దగ్గరలో పప్పుదినుసులు మాత్రమే అమ్మే ఒక చిన్న దుకాణంలో గత మార్చి నుంచి ప్రతి నెలా శనగలు, అలసందలు, ఉలవలు, రాజ్మా కొంటున్నాను. మధుమేహం ఉన్న మా నాన్నగారికి వారంలో నాలుగు రోజులు ఉదయం ఇడ్లీకి బదులు గుగ్గిళ్ళు పెట్టడం మొదలుపెట్టాకే గింజ నాణ్యత ఎంత ముఖ్యమో నాకు తెలిసివచ్చింది.

అంతకుముందు వేరొక చోట కొన్న శనగలు రాత్రంతా నానబెట్టి, కుక్కరులో ఎనిమిది విజిల్స్ రానిచ్చినా పంటికింద గట్టిగానే తగిలేవి. మా బోరు నీళ్ళదే తప్పనుకున్నాను. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం గింజను మెత్తబడనివ్వవు. అయితే వేడిలో, తేమలో చాలాకాలం నిల్వ ఉన్న గింజ మంచినీళ్ళలోనూ సరిగా ఉడకదు. ఈ దుకాణంలో కొన్న శనగలను అదే బోరు నీళ్ళతో వండితే నాలుగు విజిల్స్‌కే వేళ్ళ మధ్య వెన్నలా నలిగాయి.

మొదటిసారి వెళ్ళినప్పుడు యజమానురాలు ఒక శనగను పంటితో కొరికి, లోపలి రంగు చూపించి, "ఇవి ఈ యేడు ఫిబ్రవరిలో కోసినవమ్మా, ఆ గోతంలోవి నిరుటివి, పిండి పట్టించుకోవడానికైతే అవి తీసుకోండి" అన్నారు. పాత సరుకును పాతదని చెప్పి అమ్మడం నాకు ఎంతో నచ్చింది.

వంద గ్రాముల ఎండు శనగల్లో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అలసందల్లో, రాజ్మాలో ఇంకొంచెం ఎక్కువ. పీచు కూడా పుష్కలంగా ఉండి, పిండిపదార్థం నెమ్మదిగా జీర్ణం కావడం వల్ల తిన్న వెంటనే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం ఈ గింజల్లో సమృద్ధిగా ఉంటుంది కనుక, అన్నంలో ఉలవచారు కలుపుకునే మన అలవాటు ఆ లోటును చక్కగా తీరుస్తుంది. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండాలి. తిన్న వెంటనే టీ తాగకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి తినాలి, ఎందుకంటే వీటిలో పొటాషియం ఎక్కువ.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. రాజ్మా అమ్మేటప్పుడు, దాన్ని కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పది నిమిషాలైనా తెర్లనివ్వాలని ఎవరికీ చెప్పడం లేదు. సరిగా ఉడకని రాజ్మాలోని ఒక విషపదార్థం వల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నేను చెప్పాక కూడా గోతం మీద ఒక కాగితమైనా అంటించలేదు. ఆగస్టులో ఇచ్చిన అలసందలకు పుచ్చు కనిపిస్తే మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. ఉలవల్లో మట్టిబెడ్డలు ఎక్కువ, చేటలో చెరిగి ఏరుకోవలసిందే. ధర బయటికన్నా కిలోకు 10 రూపాయలు ఎక్కువైనా, ఉడికే గింజకు ఆ మాత్రం ఇవ్వడం నాకు కష్టమనిపించలేదు. పురుగు పట్టకుండా నెలకు రెండు కిలోలకు మించి కొనడం లేదు. ఫిబ్రవరిలో కొత్త శనగలు రాగానే కబురు చేస్తామన్నారు.